వంగిన గాజు పోగు

కిందటి వారం పెద్దకోడలిని షెడ్డు తలుపు వెనకాల నిలబెట్టి మనం మన దారిన వెళ్లిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. నడుముకు కట్టుకున్న తోలుముక్క చప్పుడు చెయ్యకుండా చేత్తో అదిమి పట్టుకుని, తలుపు సందులోంచి మరిది వీపు చూస్తోంది.

వంతెన మీది దీపాలకు పాలగాజు గోళాలు ఊదే పని ఈ షెడ్డుకు వచ్చింది. ఆ వంతెన మీది పాత గోళాలు ఊదింది మామగారి తండ్రి. అందుకే మామగారు ఈ పనిని నెత్తిన పెట్టుకున్నారు. మొదటి గోళం అలమరలో ఉన్నది ఉన్నట్టే పగిలింది. రెండోది పెద్దకోడలు సాన మీద అంచు నున్నగా చేస్తుండగా ఆవిడ చేతుల్లోనే రెండు చెక్కలైంది. మూడోదీ పగిలితే బట్టీ ఆర్పేస్తానని మామగారు తేల్చి చెప్పేశారు. బట్టీ ఆర్పడమంటే పొయ్యి ఆర్పి మళ్లీ రాజేసుకోవడం కాదు. నిప్పు చల్లారిందంటే లోపల గాజు కరిగే కుండ బీటలు తీస్తుంది. ఆ తర్వాత ఇది గాజు షెడ్డు కాదు, ఉత్త రేకుల కొట్టు. ఆ మూడో గోళం ఇప్పుడు చల్లార్చే పెట్టెలో ఉంది. వేడి గాజు ఉన్నట్టుండి చల్లబడితే పగిలిపోతుంది కాబట్టి దాన్ని ఆ పెట్టెలో పెట్టి, పసిపిల్లకి పాలు చల్లార్చినంత నెమ్మదిగా చల్లారుస్తారు.

ఈ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పగిలినదాని గురించి ఎవరూ ఎవర్నీ అడగకూడదు. గాజుతో పని చేసేవాడి చేతిలో గాజు పగలకుండా ఎలా ఉంటుంది? ఎవరు పగలగొట్టారని అడిగితే మర్నాడు ఆ చెయ్యి వణుకుతుంది, ఇంకోటి పగులుతుంది. అందుకని పగలగొట్టినవాళ్లు పెంకులు తామే ఎత్తి తొట్టిలో వేస్తారు, మిగతావాళ్లు మొహం పక్కకి తిప్పుకుంటారు. వినడానికి ఎంతో పెద్దమనసులా ఉంటుంది. రెండో గోళం పగిలిన రోజు పెద్దకోడలికి దీని అసలు రంగు తెలిసింది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. "సాన కాస్త గట్టిగా పట్టినట్టుంది" అని ఆవిడ భర్త మెల్లగా గోడతో అన్నట్టు అన్నాడు. అడగలేదు కాబట్టి ఆవిడకి చెప్పుకునే వీలూ లేకపోయింది. "కొన్నాళ్లు చేతులకి విశ్రాంతి ఇవ్వమ్మా" అన్నారు మామగారు. తిట్టినా బాగుండేది. ఆవిడ నున్నగా చేసిన గ్లాసు అంచు పెదవికి తగిలినట్టే ఉండదని ఊరంతా చెప్పుకునేవారు. అలాంటి చేతులకి చీపురు ఇచ్చారు.

ఆ చీపురు పట్టుకుని తిరుగుతూ ఆవిడ చేసిన పని ఒక్కటే, అనుమానించడం. అనుమానానికి మనిషి కూడా సిద్ధంగానే దొరికాడు. మరిది. సీసాల ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర ఏళ్లు గడిపి ఈ మధ్యే ఇంటికి తిరిగొచ్చాడు. మామగారు వాణ్ణి 'సీసాల దొర' అని వెక్కిరిస్తారు. దొరగారు అడుగుపెట్టిన దగ్గర్నుంచే గోళాలు పగలడం మొదలైంది. ఇంతకంటే ఏం కావాలి?

మామగారు, భర్త సందుకి అవతల ఇంటికి భోజనానికి వెళ్లారు. అందరూ వెళ్లారనుకుని మరిది పాలగాజు కడ్డీల పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏదో చేతిలోకి తీసుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, జేబులో వేసుకున్నాడు. కిందటి వారం మనం ఆగింది సరిగ్గా ఇక్కడే.

పెద్దకోడలు తలుపు తోసింది.

"జేబులో ఏముంది?"

మరిది తేలు కుట్టినవాడిలా లేచాడు. "వదినా! నువ్వు భోజనానికి వెళ్లలేదా?"

"నేనడిగింది భోజనం సంగతి కాదు."

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే జేబు అంత ఉబ్బుతుందా? తియ్యి."

"తీస్తాను. ముందు నేను చెప్పేది విను..."

"నువ్వు చెప్పేది కాదు, నేను చెప్పేది నువ్వు విను." ఇన్నాళ్లూ చీపురుతో పాటు ఊడ్చి మూల పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. "మీ ఫ్యాక్టరీ నుంచి పాలగాజు కడ్డీలు తెచ్చి ఈ పెట్టెలో కలిపావు. చూడ్డానికి అన్నీ సుద్దముక్కల్లా ఒక్కలాగే ఉంటాయి, ఎవరికీ తెలీదనుకున్నావు. గోళానికి లోపల మామూలు గాజు, పైన పాలగాజు. రెండూ చల్లారేటప్పుడు సమానంగా ముడుచుకోవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ముడుచుకుంటే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూనే ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు పగిలి తీరతాయి. పొద్దస్తమానం సాన దగ్గర కూర్చునేదానికి ఇవన్నీ ఏం తెలుస్తాయనుకున్నావా?"

మరిదికి కోపం వచ్చింది. "నేనెందుకు చేస్తాను వదినా అలాంటి పని? నాకేం వస్తుంది?"

"బట్టీ ఆరిపోతే ఇక్కడ యంత్రం పెట్టొచ్చు. మీ అన్నయ్యతో నువ్వు అన్న మాటే. నేను సాన కడుగుతూ విన్నాను."

"అన్నాను. ఎదురుగా, పట్టపగలు అన్నాను. అన్నయ్య ఏం జవాబు చెప్పాడో అది కూడా విన్నావా?"

"ఆయనేం చెప్పలేదు."

"అవును" అన్నాడు మరిది. "ఏమీ చెప్పలేదు."

పెద్దకోడలు ఆ మాట పట్టించుకోలేదు. తన కోపం తొందరలో తనుంది. పెట్టె మీదికి వంగి మూత తీసి, పైవరస కడ్డీలు పక్కకి నెట్టి, అడుగునుంచి ఒకటి లాగింది. "దీంతో పోగు తియ్యి. నా కళ్ల ముందు తియ్యి. వంగిందంటే నువ్వు దొంగవి. అప్పుడు మావయ్యగారి ముందు ఏం చెప్పుకుంటావో నేనూ చూస్తాను."

పోగు తియ్యడమంటే ఏమిటో చెప్పాలి. రెండు రకాల గాజుల్ని పక్కపక్కన అతికించి, ఎర్రగా కాల్చి, దారంలా సాగదీస్తారు. దారంలో సగం ఒక గాజు, సగం ఇంకో గాజు. చల్లారాక దారం నిటారుగా ఉంటే రెండిటికీ పొత్తు కుదిరినట్టు. విల్లులా వంగిందంటే ఎక్కువ ముడుచుకున్నది రెండోదాన్ని తనవైపు లాక్కున్నట్టు. కొత్త పాలగాజు వచ్చిన ప్రతిసారీ మామగారు చేసే పరీక్ష ఇదే. కొడుకులిద్దరికీ నేర్పిందీ ఆయనే.

మరిది ఆ కడ్డీ తీసుకోలేదు. వదిన మొహం వైపు చూసి అన్నాడు. "తీస్తాను. కానీ ఒక్కడి వల్ల కాదు. రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి. నువ్వే పట్టుకో. మళ్లీ నేనేదో మాయ చేశానంటావు."

"పట్టుకుంటాను. కళ్లు కూడా ఆర్పను."

అలా ఒకరినొకరు నమ్మని మనుషులిద్దరూ ఒకే గాజుముక్కకి చెరో కొస పట్టుకున్నారు. మరిది బట్టీ తలుపు జరిపి ఇనుపకమ్మీతో కుండలోంచి ముద్దంత గాజు చుట్టుకొచ్చాడు. రెండో కమ్మీ మీద పాలగాజు ముక్క మెత్తబడేదాకా కాల్చాడు. రెండూ అతికించి మళ్లీ బట్టీ నోట్లో పెట్టాడు. మంట వెలుగులో వాడి దవడ ఎముక కదులుతోంది. పెద్దకోడలు వాడి చేతులు తప్ప ఇంకేమీ చూడలేదు. యంత్రాల దగ్గర ఇన్నేళ్లున్నా కమ్మీ తిప్పే లయ పోలేదు, తండ్రి చెయ్యే. ఆ సంగతి కూడా ఆవిడకి నచ్చలేదు. పని వచ్చినవాడికే పాడు చెయ్యడం కూడా బాగా వస్తుంది.

"పట్టు" అన్నాడు.

ఆవిడ పటకారుతో ముద్ద కొస పట్టుకుని వెనక్కి నడిచింది. వాడు తనవైపు నిలబడి కమ్మీ తిప్పుతూనే ఉన్నాడు. నారింజరంగు ముద్ద సన్నబడింది, తాడయింది, దారమయింది. నేల నిండా సామాను. వెనక్కి చూడకుండా నడుస్తుంటే మడమకి నీళ్ల బాల్చీ తగిలింది.

"జాగ్రత్త! కుడిపక్కకి."

వాడే చెప్పాడు. ఆవిడ కుడిపక్కకే జరిగింది. నమ్మకం లేకపోయినా పనిలో మాట వినక తప్పదు.

దారాన్ని బల్ల మీద పరిచి, కొసలు తుంచి, ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. వేడి దిగేకొద్దీ ఆవిడ బల్ల మీదికి వంగింది. ఇంకా వంగింది. ముక్కు బల్లకి ఆనేంత వంగింది. పోగు మాత్రం వంగలేదు. కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

"ఇంకోటి తీద్దామా?" అన్నాడు మరిది. వాడి గొంతులో వెటకారం లేదు. అదే ఆవిడకి ఇంకా కష్టమనిపించింది.

రెండో కడ్డీ ఆవిడే ఏరింది. ఆ పోగూ తిన్నగానే వచ్చింది.

పెద్దకోడలు పక్కనున్న పీట మీద కూలబడింది. సిగ్గేసింది. కన్నబిడ్డలా చూసుకోవాల్సిన మరిదిని పట్టుకుని దొంగ అంది. కానీ సిగ్గు కంటే భయం ముందుకొచ్చింది. పాలగాజులో తప్పు లేకపోతే తప్పు ఎక్కడుంది? తన చేతుల్లోనేనా? ఆవిడ అరచేతులు తిప్పి చూసుకుంది. వేళ్ల చివర్లు సాన నీళ్లకి నాని ముడతలు పడి ఉండేవి, ఇప్పుడు ఆరిపోయాయి. ఈ చేతుల మీద తనకే నమ్మకం పోతే ఇక ఈ ఇంట్లో తనకి మిగిలేది చీపురే.

"వదినా" అన్నాడు మరిది. పీట ముందు కూర్చుని జేబులోంచి గుడ్డముక్క తీసి విప్పాడు. లోపల అరచేతంత పెంకు. లోపలివైపు మామూలు గాజు, పైన పాలగాజు. "నేను దాచింది ఇది. దీన్ని కడ్డీల పక్కన పెట్టి రంగు చూస్తున్నాను. తొట్టిలోంచి తీశాను."

పెద్దకోడలు ఉలిక్కిపడింది. తొట్టిలో పడ్డ పెంకు మళ్లీ బయటికి తియ్యడమంటే ఈ షెడ్డులో సమాధి తవ్వినట్టే. "ఏ గోళానిది?"

"మొదటిది. నీ చెయ్యి తగలనిది."

ఆ ఒక్క మాటకి ఆవిడ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లలో ఎవరూ అనని మాట. మొదటిది సాన దాకా రానేలేదు, అలమరలోనే పగిలింది. ఎవరికీ గుర్తు లేదు. లేకపోతే గుర్తు లేనట్టు నటించారు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

మరిది తల గోక్కున్నాడు. "చెప్తే ఎవరు వింటారు? నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి. ఇంకో సంగతి, కోప్పడకు. మొదట్లో నేను నిన్నే అనుమానించాను."

"నన్నా?"

"మరి? నువ్వు నన్ను అనుమానించొచ్చు కానీ నేను నిన్ను అనుమానించకూడదా?"

పెద్దకోడలికి నవ్వొచ్చింది. తుడుచుకోవాల్సిన కళ్లు అలాగే ఉంచి నవ్వింది. "సరే, ఆ పెంకుతో పోగు తీద్దాం పద."

పెంకుని బట్టీ గట్టు మీద పెట్టి కాసేపు వెచ్చబడనిచ్చారు, లేకపోతే మంట తగలగానే టప్పుమంటుంది. తర్వాత కమ్మీకి అతికించి కాల్చారు. ఆవిడ కొస పట్టుకుని వెనక్కి నడిచింది. ఈసారి బాల్చీ ఎక్కడుందో చెప్పకుండానే తప్పుకుంది.

బల్ల మీద పెట్టీ పెట్టగానే పోగు కదిలింది. కొస లేచింది. మెల్లగా, అలిగినవాళ్లు మొహం తిప్పుకున్నట్టు, పక్కకి వంగి, చివరికి చక్కటి విల్లయింది.

మరిది వంపు లోపలివైపు వేలుపెట్టి చూపించాడు. అక్కడున్నది పాలగాజు కాదు, మామూలు గాజు. ఎక్కువ ముడుచుకున్నది అదే. అంటే దోషం కడ్డీల్లో లేదు, కుండలో ఉంది.

"ఇవాళ్టి కుండలో గాజు బాగానే ఉంది కదా. ఇప్పుడే కదా చూశాం" అంది ఆవిడ.

"ఇవాళ్టిది బాగుంది. ఆ రోజు కుండలో ఏదో వేరే గాజు పడింది. ఆ మిగిలినదాంతో గ్లాసులు ఊదాం, వాటికేం కాలేదు. ఎందుకవుతుంది? గ్లాసుకి పైన పాలగాజు ఉండదు కదా, పోట్లాడుకోవడానికి. గోళం దగ్గరే గొడవ." మరిది వంగిన పోగు వైపు చూశాడు. "ఆ రోజు కుండ నింపింది ఎవరు వదినా?"

ఎవరో ఇద్దరికీ తెలుసు. పైకి అనడానికే నోరు రావడం లేదు. గోళం ఊదే ముందు రోజు సాయంత్రం మామగారు అందర్నీ ఇంటికి పంపేసేవారు. "ఇవాళ కుండ నేనే నింపుకుంటాను, మీరు పొండి" అనేవారు. తండ్రి చేసిన పని తన చేతుల మీదుగా మళ్లీ జరుగుతోందని పెద్దాయన ముచ్చట పడుతున్నారులే అనుకున్నారు అందరూ. ఆయన బట్టీ ముందు ఒంటరిగా నిలబడి ఏం చేసేవారో ఎవరూ చూడలేదు. అనుమానం ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్ల చుట్టూనే తిరుగుతుంది, ఇంటి పెద్దవైపు తల కూడా తిప్పదు.

పెద్దకోడలు లేచి బట్టీ వెనక్కి నడిచింది. అక్కడ గోనెసంచి కప్పిన బుట్ట ఒకటి ఉండేది. వంతెన మీంచి దించిన పాత గోళాల పెంకులు అందులో పోసి ఉంచారు, కొలతలు చూసుకోవడానికి. ఆవిడ గోనె లాగింది. బుట్ట ఖాళీ. అడుగున గాజు నలుసు, మూల ఇరుక్కుపోయిన చిన్న పెంకు ఒకటి. మరిది దాన్ని తీసి కిటికీ వెలుగులో పెట్టాడు. అంచు పచ్చగా, ఏటి నీళ్ల రంగులో ఉంది. ఈ షెడ్డు గాజుకి ఆ పచ్చదనం ఎప్పుడూ రాదు.

"తాతయ్య గాజు" అన్నాడు. "అప్పట్లో ఇసక వేరు, సున్నం పాళ్లు వేరు. నాన్న దీన్ని కుండలో వేశాడు."

పెద్దకోడలికి అంతా అర్థమైంది. తండ్రి ఊపిరి పోసిన గాజు కొత్త దీపాల్లో కూడా వెలగాలని ముసలాయన ఆశపడ్డారు. గాజు పనివాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. తండ్రి ఫొటో గోడకి తగిలించుకునేవాళ్లు ఉంటారు. ఈయన తండ్రిని కరిగించి మళ్లీ ఊదించాలనుకున్నారు. ఆవిడకి ఒళ్లు మండింది, గుండె కరిగింది, రెండూ ఒకేసారి. పాలగాజుకీ తమ గాజుకీ పొత్తు చూసుకున్నారు కానీ తండ్రి గాజుని పరీక్ష పెట్టడానికి ఆయనకి చేతులు రాలేదు కాబోలు. అంతవరకూ క్షమించొచ్చు. కానీ 'చేతులకి విశ్రాంతి ఇవ్వమ్మా' అన్న రోజున ఆయనకి తెలుసా, తెలీదా? తెలిసి అన్నారా? ఆ ప్రశ్న దగ్గర ఆవిడ జాలి ఆగిపోయింది.

"మూడో గోళం?" అన్నాడు మరిది. వాడి మొహం పాలిపోయింది.

"దానికేం కాదు" అంది పెద్దకోడలు. "మూడోదానికి ముందు మావయ్యగారి భుజం పట్టేసింది కదా. పార ఎత్తలేకపోయారు. కుండ నింపింది మీ అన్నయ్య."

"ఆ కుండ గాజు అయిపోయింది కానీ, దాంతో ఊదిన గ్లాసులు అలమరలో ఉన్నాయి. ఒకటి పగలగొట్టి పోగు తీసి చూద్దామా? దేనికైనా మంచిది."

"ఎందుకు? ఆయన నింపారని చెప్తున్నాను కదా."

మరిది అలమర వైపు చూశాడు, వదిన వైపు చూశాడు, ఊరుకున్నాడు. ఇంతవరకూ మరిదినీ, పాలగాజునీ, తన చేతుల్నీ, చివరికి మామగార్నీ అనుమానించిన మనిషికి ఆ ఒక్క గ్లాసుని అనుమానించాలని తోచలేదు. తాళి కట్టించుకున్నందుకు అంత మాత్రం నమ్మకం ఉంచుకోవద్దా?

బయట చెప్పుల చప్పుడయింది. మరిది పోగులన్నీ చేత్తో ఊడ్చి గుడ్డలో చుట్టేశాడు.

మామగారు ముందు, భర్త వెనక లోపలికొచ్చారు. మామగారు భుజానికి గుడ్డ కట్టుకుని ఉన్నారు. నేరుగా చల్లార్చే పెట్టె దగ్గరికి వెళ్లి మూత మీద అరచెయ్యి ఆనించారు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. "చల్లారింది. తియ్యరా" అన్నారు పెద్దకొడుకుతో.

భర్త గోళాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి దళసరి దుప్పటి పరిచిన బల్ల మీద దించాడు. ఎక్కడా గీత లేదు, బుడగ లేదు. కిటికీ వెలుగు లోపలికి పోయి అక్కడే ఉండిపోయినట్టు తెల్లగా మెరిసింది. మామగారి కళ్లు చెమర్చాయి. పెద్దకోడలు మరిదిని ఓరగా చూసింది. చూశావా, నేను చెప్పలేదూ, అన్నట్టు.

గోళం మెడ మీద ఊదుగొట్టానికి అతుక్కున్న టోపీ లాంటి ముక్క ఇంకా ఉంది. మెడ చుట్టూ వజ్రపు మొన ఉన్న కలంతో గీత గీసి తడితే అది ఊడొస్తుంది. తర్వాత అంచు సాన పడతారు. అది పెద్దకోడలి పని. చీపురు రాకముందు.

"నాన్నా, దీని అంచు తననే పట్టనిద్దాం" అన్నాడు భర్త.

మామగారు కోడలి వైపు చూసి తలూపారు.

ఇంకో రోజైతే ఆవిడ కరిగిపోయేది. భర్త తన తరఫున మాట్లాడాడు, అందరి ముందూ మాట్లాడాడు. చెయ్యి కలం కోసం ముందుకి పోయింది కూడా. అంతలో రెండో గోళం గుర్తొచ్చింది. అది కూడా ఇలాగే అందంగా వచ్చి తన చేతుల్లోనే పగిలింది. ఇది పగలదని తనకి తెలుసు. అయినా పగలదన్న సంగతి అందరూ కళ్లారా చూడాలి, అదీ తన చెయ్యి పడకముందే. ఆవిడ కలం తీసి మొన తనవైపు పెట్టుకుని భర్తకి అందించింది.

"ఇవాళ గీత మీరు గీయండి. నేను చేతులు కట్టుకుని చూస్తాను."

"నేనా? నాకలవాటు తప్పిపోయింది."

"నాకు నేర్పింది మీరే కదండీ."

"అది ఎప్పటి మాట! నీ పని నువ్వు చేసుకోక..."

"నా పని నాకెవరూ ఇన్నాళ్లు ఇవ్వలేదు. ఇవాళొక్కరోజు మీరు చెయ్యండి. ఒక్క గీతే కదా."

భర్త కలం అందుకున్నాడు. అందుకున్నాడే కానీ బల్ల దగ్గరికి రాలేదు. ఇంత పెద్ద గోళాన్ని ఒక్క ఊపిరితో నిలబెట్టిన మనిషి, చల్లారిన గాజు ముందు నిలబడి నీళ్లు నములుతున్నాడు. నుదుటి మీద చెమట పోసింది. బట్టీ వేడికి పోసే చెమట ఆవిడకి తెలుసు, ఇది అది కాదు. అప్పుడు ఆవిడ అతని కాళ్లు చూసింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. గాజు పగులుతుందని తెలిసినవాళ్లు వేసే అడుగు అది.

ఆవిడ చూపు అలమర వైపు పోయింది. గ్లాసులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటి తీసి చూడాల్సింది. మరిది చెప్పినప్పుడే చూడాల్సింది.

"గీయరా, నిలబడ్డావేం?" అన్నారు మామగారు.

"గీస్తాను నాన్నా..."

"ఏమండీ" అంది పెద్దకోడలు. ఈ షెడ్డులో ఎవరూ ఎవర్నీ అడగని మాట ఆవిడ అడిగేసింది. "ఇప్పుడు ఇది పగిలిందనుకోండి. ఎవరు పగలగొట్టినట్టు?"

మామగారు గిర్రున తిరిగి కోడల్ని చూశారు. కట్టుబాటు తెగిన చప్పుడుకి ఆయన నోరు తెరిచారు. కానీ ఆయన మాట కంటే ముందు ఇంకో చప్పుడు వినబడింది.

టిక్.

చాలా చిన్న చప్పుడు, గోటితో గోరు మీటినంత. బల్ల మీద ఎవరి చెయ్యీ లేదు. కలం భర్త చేతిలోనే ఉంది. గోళం మెడ దగ్గర వెంట్రుకంత గీత పుట్టి, చుట్టూ తిరగాల్సింది తిరగకుండా, పాములా పొట్ట మీదికి జారింది. మొదటి గోళం మీద జారినట్టే, రెండోదాని మీద జారినట్టే. గోళం రెండు చెక్కలై దుప్పటి మీద అటూ ఇటూ ఒరిగింది.

ఆవిడ చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాయి. తన చేతుల్లో తప్పు లేదు. ఈ మాట అందరి ముందూ తేలాలని ఎంత తపించిపోయింది! తేలింది. కానీ ఆవిడ ఆ చేతుల వైపు చూసుకోలేదు. భర్త మొహం వైపే చూస్తోంది. అతను మాత్రం ఎవరి వైపూ చూడడం లేదు.

మామగారు వంగి ఒక చెక్క ఎత్తారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచుని వెలుగుకి పెట్టారు. చాలాసేపు చూశారు. అంచు లోపల లేతగా ఏటి నీళ్ల పచ్చదనం కనబడింది. మరిది ముందుకొచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకోబోయాడు, ఆయన విదిలించుకున్నారు. బట్టీ వెనక ఖాళీ బుట్ట వైపు ఒకసారి చూసి, పెద్దకొడుకు వైపు తిరిగారు.

"మిగిలిన పెంకులు ఏట్లో పారబోసి వచ్చానని నా మీద ఒట్టేశావు కదరా!"